పాపకు ‘కొలాబరేషన్’ స్ట్రీమ్ వేశారు, చేరమంటారా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఊరి బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా పాప తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఒక సర్వీస్ కంపెనీకి సెలెక్ట్ అయింది. ప్యాకేజీ 3.6 లక్షలు, పోస్టింగ్ చెన్నైలో అంటున్నారు. మొన్న ట్రైనింగ్ గురించి మెయిల్ వచ్చింది. జావా వేస్తారనుకుంటే ‘మైక్రోసాఫ్ట్ 365 కొలాబరేషన్’ అనే స్ట్రీమ్ (ట్రైనింగ్ విభాగం) వేశారు. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు అది కోడింగే కాదు, ఫోల్డర్లు చేసి పర్మిషన్లు ఇచ్చే పని, రెండేళ్లు పోతే ఏఐ వచ్చి అదీ ఉండదు అంటున్నాడు. ఆఫర్ వదిలేసి బెంగళూరు వచ్చి లక్షా ఇరవై వేలు కట్టి ఏఐ కోర్సు చేయమంటున్నాడు. పైగా మా పాప పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. పదిమందితో కలిసి చేసే పని తనకు సరిపోతుందా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. చేరమనండి. ఆ లక్షా ఇరవై వేలు బ్యాంకులోనే ఉండనివ్వండి.

మీ మేనల్లుడి మాట పూర్తిగా తప్పని అనను. అతను ఈ రంగంలో ఒక మూల చూసి ఉంటాడు. ఆఫీసుల్లో చాటింగ్, మీటింగులు, అందరూ కలిసి రాసే డాక్యుమెంట్లు, ఆమోదం కోసం తిరిగే ఫైళ్లు, వీటన్నిటికీ వాడే సాఫ్ట్‌వేర్‌నే కొలాబరేషన్ అంటారు. టీమ్స్, షేర్‌పాయింట్ (ఫైళ్లు, జాబితాలు అందరూ కలిసి వాడుకునే చోటు), స్లాక్, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో క్లిక్, జిరా అన్నీ ఈ కోవలోవే. వీటి చుట్టూ సపోర్ట్ పని చాలా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు యాక్సెస్ ఇవ్వడం, పొరపాటున డిలీట్ చేసిన ఫైలు వెనక్కి తెచ్చిపెట్టడం, ‘నాకు టీమ్స్ ఓపెన్ కావడం లేదు’ అన్న టికెట్ (ఫిర్యాదు) మూసేయడం. నైట్ షిఫ్టులు కూడా ఇక్కడే ఎక్కువ. ఐదేళ్లు ఇదే చేస్తూ కూర్చుంటే మీ మేనల్లుడు అన్నట్టే అవుతుంది.

కానీ అదే టీములో, ఒక్కోసారి పక్క కుర్చీలోనే, ఇంకో పని జరుగుతూ ఉంటుంది. ఒక కంపెనీకి కావలసిన ఫారాలు, ఆమోదాల వరస, చాట్‌లో జవాబిచ్చే బాట్లు, వేరే సాఫ్ట్‌వేర్లతో కలిపే కోడ్, వీటిని ఈ ప్లాట్‌ఫారం మీద రాసేవాళ్లు. అది డెవలప్‌మెంటే, అనుమానం అక్కర్లేదు. పాపను ఎటు వేస్తారనేది మొదటి ఆరు నెలలు కంపెనీ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత చాలావరకు పాప చేతిలోకి వస్తుంది. సపోర్ట్‌లో వేసినా డెవలప్‌మెంట్ వైపు ఎలా జరగాలి అన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఊరికే మాటల్లో చెబితే తెలియదు గనుక మీ ఫ్యాక్టరీనే తీసుకుందాం. తోతాపురి సీజన్‌లో గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాటా మీద లోడుతో ఒక తూకం, కాయ దించాక ఖాళీ బండి తూకం. క్వాలిటీ చూసే మనిషి పచ్చికాయ, కుళ్లు చూసి తరుగు రాస్తాడు. ఆ రోజు రేటు మేనేజర్ వేస్తాడు. చీటీ చివరికి మీ టేబుల్ మీదికి వస్తుంది, మీరు రైతుకు చెల్లింపు రాస్తారు. చీటీ ఒక్కటే, చేతులు నాలుగు. మధ్యాహ్నం రేటు మారిందని మేనేజర్ ఫోన్ చేసేసరికి మీరు పాత రేటుతో పది చీటీలు రాసేసి ఉంటే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

కొలాబరేషన్ డెవలపర్ రోజంతా తల బద్దలు కొట్టుకునేది ఇలాంటి చీటీల గురించే. అందుకే పాపను చేరేలోపు ఈ కాటా చీటీ పద్ధతినే ఒక ప్రాజెక్టుగా చేయమనండి. కాలేజీ మెయిల్ ఐడీ మైక్రోసాఫ్ట్‌ది అయితే చాలా కాలేజీల్లో షేర్‌పాయింట్, టీమ్స్ దానితోనే వస్తాయి. ఫారాలు, చిన్న యాప్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌కు డెవలపర్ ప్లాన్ ఉచితం. అది కుదరకపోతే గూగుల్ షీట్స్, దానికి కోడ్ రాసే యాప్స్ స్క్రిప్ట్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు, మామూలు జీమెయిల్ చాలు. ఒక్క మాట, నిజం రైతుల పేర్లు, బ్యాంకు నంబర్లు అందులో పెట్టొద్దు. కల్పించిన పేర్లతోనే చేయాలి.

మొదటి వారంలోనే ఫారం తయారైపోతుంది. ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది, ఇంట్లో అందరికీ చూపిస్తుంది. అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది.

ఒకే చీటీని మేనేజర్, మీరు ఒకేసారి తెరిచారనుకోండి. ఆయన రేటు మార్చి సేవ్ చేశాడు. మీ స్క్రీన్ మీద ఇంకా పాత రేటే ఉంది, మీరూ సేవ్ కొట్టారు. ఎవరిది నిలబడాలి? జాగ్రత్త తీసుకోకుండా రాసిన కోడ్‌లో చివర కొట్టినవాడిదే నిలుస్తుంది, మేనేజర్ వేసిన కొత్త రేటు చప్పుడు లేకుండా మాయమవుతుంది. షేర్‌పాయింట్‌లో ప్రతి వరసకూ ఈట్యాగ్ అని ఒక గుర్తు ఉంటుంది. ‘నేను తెరిచినప్పుడు ఉన్న గుర్తే ఇప్పటికీ ఉంటేనే సేవ్ చెయ్’ అని అడిగితే, మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే సర్వర్ 412 అనే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను పట్టుకుని మీకు అర్థమయ్యే భాషలో ‘రేటు మారింది, ఒకసారి చూసుకోండి’ అని చూపించడం పాప పని. ఇది స్వయంగా చేసిన పిల్లకు, సర్టిఫికెట్ మాత్రమే ఉన్న పిల్లకు ఇంటర్వ్యూలో తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

తర్వాత రైతుల బ్యాంకు వివరాలు. అవి కాటా దగ్గరి మనిషికి కనపడకూడదు. కొత్తవాళ్లు అందరూ ఏం చేస్తారంటే, ఫారంలో ఆ గడిని దాచేసి పని అయిపోయిందనుకుంటారు. దాచితే కాపాడినట్టు కాదు. ఆ జాబితా మీద హక్కు ఉన్నవాడు నేరుగా తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. షేర్‌పాయింట్‌లో విడిగా ఒక్క కాలమ్‌కు హక్కులు పెట్టే వీలు లేదు, కాబట్టి ఆ వివరాలు వేరే జాబితాలో పెట్టి దానికి వేరే హక్కులు ఇవ్వాలి. మీ మేనల్లుడు తేలిగ్గా ‘పర్మిషన్లు ఇచ్చే పని’ అన్నాడే, సరిగ్గా అక్కడే పెద్ద పెద్ద కంపెనీలు తడబడతాయి.

ఇంకో చిక్కు సీజన్ మధ్యలో బయటపడుతుంది. షేర్‌పాయింట్ జాబితాలో 3 కోట్ల వరసల దాకా పెట్టుకోవచ్చు. కానీ ఒకే ప్రశ్నకు 5,000 వరసలకు మించి వెతకాల్సి వస్తే ‘కుదరదు’ అంటుంది. రోజుకు నూరు బండ్లు వచ్చినా యాభై ఒకటో రోజుకు ఆ గీత దాటేస్తారు. పరీక్షకు ఇరవై చీటీలు పెట్టి చూసుకున్న పిల్లకు ఇది ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఆరు వేల ఉత్తుత్తి చీటీలు ఒక చిన్న ప్రోగ్రాంతో పోయించమనండి. పగిలిపోతే పగలనివ్వండి. తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) పెట్టి, ఆ రోజు చీటీలే అడిగేలా మార్చడం అప్పుడు తనే నేర్చుకుంటుంది. పనుల వరసను నడిపించే పవర్ ఆటోమేట్‌లో ఆమోదం కోసం పంపిన చీటీ 30 రోజులు ఎవరూ ముట్టుకోకపోతే ఆ వరస కాస్తా ఆగిపోతుందనీ, మేనేజర్ సెలవులో ఉంటే చీటీ ఎవరికి పోవాలో ముందే రాసిపెట్టాలనీ కూడా ఇలాగే తెలుస్తుంది. ఈ రెండో సంగతికి జవాబు మైక్రోసాఫ్ట్ దగ్గర దొరకదు, మీ దగ్గరే దొరుకుతుంది. పాపను మీ టేబుల్ పక్కన ఒక పూట కూర్చోబెట్టుకోండి.

ఇక చదువు సంగతి. పవర్ యాప్స్, పవర్ ఆటోమేట్ త్వరగా వస్తాయి, కానీ అంతటితో ఆగితే జీతమూ అక్కడే ఆగుతుంది. దాని కింద వెబ్ పేజీలకు కోడ్ రాసే జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, రియాక్ట్ ఉండాలి. షేర్‌పాయింట్‌కు కొత్త పేజీ భాగాలు రాసే పద్ధతి ఎస్‌పీఎఫ్‌ఎక్స్ అంటారు, అది 2017లో వచ్చింది, దానికి ఈ మూడే ఆధారం. అంతకు ముందున్న యాడ్-ఇన్ పద్ధతికి ఆన్‌లైన్ షేర్‌పాయింట్‌లో మైక్రోసాఫ్ట్ 2026 ఏప్రిల్ 2ను ఆఖరి తేదీగా పెట్టింది. దాంతో కంపెనీలకు పాతవి తీసి కొత్తవి రాయించుకునే పని పడింది, ఫ్రెషర్లకు అలాంటి ప్రాజెక్టులు తగలడం మంచిదే. పాత కోడ్ చదివి అర్థం చేసుకోవడం కాలేజీలో ఎవరూ నేర్పరు కదా.

ఆ తర్వాత గ్రాఫ్ ఏపీఐ. టీమ్స్, అవుట్‌లుక్, షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ అన్నిటిలోకీ కోడ్‌తో వెళ్లే దారి అదే. ఇక్కడ పాప రెండు విషయాలు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి, లాగిన్ అయిన మనిషి హక్కులతో ప్రోగ్రాం పనిచేయడం వేరు, ప్రోగ్రాం తన సొంత హక్కులతో పనిచేయడం వేరు. పని త్వరగా అవుతుందని కంపెనీ సైట్లన్నిటి మీదా రాసే హక్కు అడిగే డెవలపర్లు ఉన్నారు. ఒక్క సైట్ కావాలంటే ఒక్క సైట్‌కే హక్కు తీసుకునే ‘సైట్స్ సెలెక్టెడ్’ అనే పద్ధతి ఉంది, అడగాల్సింది అది. సెక్యూరిటీ టీమ్ దగ్గర మంచి పేరు ఇలాంటి వాటితోనే వస్తుంది. రెండోది, ఎక్కువ సార్లు అడిగితే సర్వర్ 429 అనే ఎర్రర్ ఇచ్చి, ఎంతసేపు ఆగాలో కూడా ‘రీట్రై ఆఫ్టర్’ అనే హెడర్‌లో చెబుతుంది. అది చదవకుండా మళ్లీ మళ్లీ కొట్టే కోడ్ పాప మెషీన్లో నడుస్తుంది, వెయ్యి మంది ఉన్న ఆఫీసులో పడుకుంటుంది.

మైక్రోసాఫ్ట్ బయటా ఇలాంటివే ఉంటాయి. స్లాక్ అనే ఆఫీస్ చాట్‌లో బటన్ నొక్కితే మన ప్రోగ్రాం 3 సెకన్లలోపు ‘అందింది’ అని జవాబు పంపాలి, లేకపోతే వాడేవాడికి ఎర్రర్ కనిపిస్తుంది. పని బరువైనదైతే ముందు ఆ జవాబిచ్చి, పనిని వెనక క్యూలో వేసుకోవాలి. వేరే ప్లాట్‌ఫారంలలో అంకెలు మారతాయి, ఆలోచన ఇదే. ఒక ప్లాట్‌ఫారం లోతుగా, ఇంకోటి పైపైన తెలిసి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. 1989లో వచ్చిన లోటస్ నోట్స్ అనే ఇదే కోవ సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు పెద్ద పెద్ద ఆఫీసులను ఏలింది. దాని ఫార్ములాలు మాత్రమే తెలిసినవాళ్లు తర్వాత ఇబ్బంది పడ్డారు. ఆమోదాలు, హక్కులు, రికార్డులు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లు షేర్‌పాయింట్‌కు మారి అదే కుర్చీలో కొనసాగారు.

ఏఐ భయం గురించి. చిన్న చిన్న ఫారాలు, ఫ్లోలు (పనుల వరసలు) ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్‌ను అడిగితే చేసిపెడుతోంది. ఆ మేరకు పని తగ్గుతుంది, దాచుకోవడం దేనికి. కానీ రెండో వైపు చూడండి. మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ 2023 నవంబర్‌లో పెద్ద కంపెనీలకు వచ్చింది. అడిగిన మనిషికి ఏ ఫైళ్ల మీద హక్కు ఉందో వాటన్నిటిలోంచీ అది జవాబు చెబుతుంది. ఎప్పుడో ఎవరో ‘కంపెనీలో అందరికీ’ అని షేర్ చేసి మరిచిపోయిన జీతాల షీటు ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు, ఇప్పుడు ఒక్క ప్రశ్నకు బయటికి వస్తుంది. హక్కులు సర్దడం, పాత సైట్లు శుభ్రం చేయడం ఒక్కసారిగా పెద్దవాళ్ల మీటింగుల్లోకి ఎక్కింది. మన తరఫున పనులు చేసే ఏజెంట్లు అనే కొత్త ఏఐ ప్రోగ్రాంలు కూడా నడిచేది ఇదే టీమ్స్, ఇదే గ్రాఫ్ మీద. వాటికి ఏ హక్కు ఇవ్వాలి, ఏ పని మనిషి ఆమోదించాకే జరగాలి అని తేల్చగలిగే మనిషి కావాలి కదా. మీ మేనల్లుడు చెప్పిన ఏఐ వైపు పాప వెళ్లే దగ్గరి దారి ఈ స్ట్రీమే.

అందుకే ఆ కోర్సుకు వద్దంటున్నాను. చేతిలో ఆఫర్ వదులుకుని, గదికి, తిండికి విడిగా ఖర్చు పెట్టి, కోర్సు అయ్యాక మళ్లీ ఫ్రెషర్‌గానే నిలబడటం లెక్కలు రాసే మీకు నేను వివరించక్కర్లేదు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు డబ్బులిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునే అలవాటు మన వైపు కాలేజీల్లో పెరిగింది, దానికీ దూరంగా ఉండమనండి. ఆ టైమే కాటా చీటీ ప్రాజెక్టుకు సరిపోతుంది. పవర్ యాప్స్ లాంటి వాటి మీద ప్రాథమిక సర్టిఫికెట్ కంపెనీ ఖర్చుతో వస్తే తీసుకోవచ్చు, మీ జేబులోంచి అయితే అవసరం లేదు.

సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ప్రోడక్ట్ కంపెనీకి పోవాలన్న కోరిక పాపకు ఉంటే అది వేరే తయారీ. జోహో చెన్నైలోనే ఉంది, మనకు రేణిగుంటలో కూడా ఆఫీసు ఉంది. అలాంటి చోట షేర్‌పాయింట్ తెలుసా అని అడగరు, కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయిస్తారు. డేటా స్ట్రక్చర్లు, నెట్‌వర్కింగ్ బలంగా ఉండాలి. ఒకే డాక్యుమెంట్లో ఇద్దరు ఒకేసారి టైప్ చేస్తే అక్షరాలు ఎందుకు కలగాపులగం కావు అన్న ప్రశ్న పాపను పట్టుకుంటే ఇక వెనక్కి చూడక్కర్లేదు. దానికి 1989 నుంచీ ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే పద్ధతి ఉంది, గూగుల్ డాక్స్ నడిచేది దాని మీదే. 2011లో సీఆర్‌డీటీ అని పేరు స్థిరపడిన ఇంకో పద్ధతీ ఉంది. ఈ రెండో పద్ధతిలో రాసిన వైజేఎస్ అనే ఉచిత లైబ్రరీతో (సిద్ధంగా దొరికే కోడ్) రెండు బ్రౌజర్లలో కలిసి రాసే నోట్‌ప్యాడ్ ఒక ఆదివారంలో తయారవుతుంది. ఒక బ్రౌజర్‌కు నెట్ ఆపేసి, రెండింట్లో వేరువేరుగా రాసి, మళ్లీ కలిపి ఏమవుతుందో చూడమనండి. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లో జులిప్ అనే ఆఫీస్ చాట్ ఉంది, పైథాన్‌లో రాసింది. కొత్తగా వచ్చేవాళ్లకు అంత ఓపికగా దారి చూపించే ప్రాజెక్టులు తక్కువ. అందులో ఒక చిన్న బగ్ సరిచేసి అది కోడ్‌లో కలిస్తే, రెజ్యూమెలో పది వరుసల కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

పాప మాట్లాడదు అన్నారు. ఈ రంగంలో అది మీరనుకున్నంత లోపం కాదు. సగం పని రాతలోనే నడుస్తుంది: టికెట్‌లో, చాట్‌లో, కోడ్ మార్పు కింద రాసే వివరణలో. ‘పని చేయడం లేదు, చూడండి’ అని రాసే అబ్బాయి కంటే ‘5,000 దాటిన జాబితాలో నిన్నటి తేదీతో వెతికితే ఈ ఎర్రర్ వస్తోంది, తేదీకి ఇండెక్స్ లేదు, పెట్టడానికి మీ ఆమోదం కావాలి’ అని రాసే పిల్లను టీమ్ లీడ్ ముందు గుర్తుపెట్టుకుంటాడు. ఇంగ్లిష్‌లో రోజుకు ఇలాంటి నాలుగు వాక్యాలు రాయించండి, వ్యాసాలు అక్కర్లేదు. మాట తప్పనిసరి అయ్యేది ఒకచోట ఉంది, వాడేవాళ్ల దగ్గర కూర్చుని ‘ఇది ఇప్పుడు ఎలా చేస్తున్నారు?’ అని అడగడం. అది మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే, తెలుగులోనే అలవాటు చేసుకోవచ్చు. సిగ్గరి పిల్లలు ఇందులో బాగా రాణించడం చూశాను, మధ్యలో అడ్డుపడకుండా వింటారు కాబట్టి.

స్ట్రీమ్ మార్చమని హెచ్‌ఆర్‌కు ఇప్పుడే రాయొద్దు. ట్రైనింగ్ అయ్యాక ప్రాజెక్ట్ ఇచ్చేటప్పుడు మర్యాదగా ఒక మెయిల్ రాయాలి: ఎస్‌పీఎఫ్‌ఎక్స్, గ్రాఫ్ మీద ఈ ప్రాజెక్ట్ చేశాను, డెవలప్‌మెంట్ ప్రాజెక్టులో అవకాశం ఉంటే చూడగలరు అని, కోడ్ లింకుతో. సపోర్ట్‌లో వేస్తే కాదనకూడదు, కానీ పదేపదే వచ్చే టికెట్లలో ఒకదాన్ని ఎంచుకుని అది తనంతట తనే తీరిపోయేలా ఒక స్క్రిప్ట్ రాయాలి. సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌కు జరిగిన పిల్లల్లో చాలామంది ఈ మెట్టు మీంచే ఎక్కారు. ఏడాది గడిచాక ఒక వారం పాటు రోజూ ఏం చేసిందో పాపనే రాసుకోమనండి. అందులో సొంతంగా రాసిన కోడ్ కనిపించకపోతే, మేనేజర్‌ను అడిగినా మార్పు రాకపోతే, బయట చూసుకోవాల్సిందే. చిత్తూరుకు చెన్నై, బెంగళూరు రెండూ కొన్ని గంటల ప్రయాణమే కాబట్టి ఏ ఊరని పట్టింపు పెట్టుకోవద్దు. అయితే దానికంటే ముందు, ఇప్పుడు సంతకం పెట్టబోయే ఆఫర్ లెటర్‌లో సర్వీస్ అగ్రిమెంట్ ఉందా, ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న పేరాను మీరిద్దరూ కూర్చుని నిదానంగా చదవండి. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ తమ దగ్గరే పెట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోవద్దు, చూసి వెనక్కి ఇమ్మని అడగండి.